కవరు మీద నడిమి పేరు

ఫ్రీజరు ప్లగ్గు పీకేసి ఉంది. గదిలో అడుగు పెట్టగానే ఒలింపియా కంట పడింది అదే. తలుపు బార్లా తీసి, లోపల నీళ్లు కారకుండా కింద పాత తువ్వాలు పరిచారు. నాలుగేళ్లుగా రక్తం నమూనాలు దాచుకుని గుర్రుమంటూ ఉన్న పెట్టె ఇప్పుడు నోరు తెరుచుకుని నిలబడింది.

"ఏంటి డాక్టరమ్మా, ఖాళీ చేస్తున్నారా?"

డాక్టర్ సెలీనా అట్టపెట్టెలో ఫైళ్లు సర్దుతోంది. తలెత్తలేదు. "నెలాఖరుకి. నీకు కబురు పెడదామనే అనుకుంటున్నా మనాంగ్."

మనాంగ్ అంటే అక్క. డాక్టరు చదువుకున్నదే కానీ ఒలింపియా కన్నా పదేళ్లు చిన్నది, మర్యాద తెలిసిన పిల్ల. ఆ మర్యాదే ఒలింపియాకి ఇప్పుడు ఒళ్లు మండించింది.

నగరంలో ఆరోగ్య కేంద్రం వెనక ఉన్న ఒక్క గది అది. అందులో లుబాగ్ అనే జబ్బు మీద పరిశోధన జరుగుతోంది. మెడ మెలిపడుతుంది, నడుము వంకరపోతుంది, దవడ బిగుసుకుంటుంది, చివరికి మింగుడు పడక మనిషి పోతాడు. ప్రపంచంలో ఎక్కడా పెద్దగా లేదు. ఈ పనాయ్ దీవిలో ఉంది, అందులోనూ కపిజ్ ఊళ్లలో ఉంది. తల్లులు మోస్తారు, కొడుకులు అనుభవిస్తారు. మందు లేదు. జబ్బు కష్టమైనది కాబట్టి లేదని పెద్దవాళ్లు చెబుతారు. ఆల్చిప్పలు ఒలిచేవాళ్లకీ చేపల చెరువుల్లో కూలికెళ్లేవాళ్లకీ వచ్చేది కాబట్టి లేదని ఒలింపియా చెబుతుంది. ఎవరడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

"ఎందుకు మూసేస్తున్నారు? ఎవరు మూయమన్నారు?"

"డబ్బిచ్చేవాళ్లు. విదేశాల్లో ఉన్న ఫౌండేషన్ వాళ్లు. వాళ్లు అడిగేది ఒక్కటే, మీ దగ్గర ఎన్ని కుటుంబాలున్నాయి అని. నా రిజిస్టర్లో ఆరున్నాయి. ఆరు కుటుంబాల కోసం పరిశోధన ఎవరు నడుపుతారు చెప్పు."

"ఆరేంటి? మా ఒక్క వీధిలోనే నలుగురు మగాళ్లు మెడలు తిప్పుకుంటూ పడున్నారు."

"నాకు తెలుసు, నీకు తెలుసు. కాగితానికి తెలీదు. నర్సు మెర్లీ వెళ్తే ఒక్కరూ తలుపు తీయరు. మావాడు ఊళ్లో లేడంటారు."

"ఎంత కావాలి? మేమే వేసుకుంటాం."

డాక్టరు నవ్వింది, అయినా వెక్కిరింపు లేదందులో. "మెర్లీ జీతమూ పడవ ఖర్చూ అంటావా, నాలుగు నెలలు మీ ఊరు మోయగలదేమో. పరిశోధన అంటే సముద్రం మనాంగ్."

"సముద్రం సంగతి నాకు చెప్పకు. రోజూ అందులో మోకాలి దాకా దిగేది నేను."

"సరే. అన్నట్టు, వచ్చావు కదా. నీ రక్తం ఇంకా ఇవ్వలేదు నువ్వు."

"మా ఊరి జీప్నీ బండి వెళ్లిపోతుంది" అంటూ ఒలింపియా లేచింది.

ఈ మాట ఆమె అనడం ఇది నాలుగోసారి.

*

ఇంట్లో వెనక గదిలో తమ్ముడు తెరియో ఉంటాడు. నలభై ఒకటి. ఒకప్పుడు బరంగే, అంటే ఊరి, బాస్కెట్‌బాల్ జట్టులో ఏడో నంబరు. అటు వెళ్తున్నట్టు కనబడి ఇటు వెళ్లేవాడు. ఇప్పుడు వాడి ఒళ్లే వాడితో ఆ ఆట ఆడుతోంది. మెడ ఎడమకి లాగేస్తుంది. రెండు వేళ్లు చెంపకి ఆనించుకుంటే కాసేపు నిలబడుతుంది, ఎందుకో డాక్టర్లకీ సరిగా తెలీదు. అందుకని ఎప్పుడు చూసినా పంటి నొప్పి ఉన్నవాడిలా కూర్చుంటాడు.

"రాజుగా నిలబడతావా?" అంది ఒలింపియా గంజి గిన్నె పట్టుకుని.

ఆగస్టులో పునీత రోక్ పండగకి ఊరికి రాజునీ రాణినీ ఎన్నుకుంటారు. ఒక పెసోకి ఒక ఓటు. అందచందాలతో పని లేదు, ఎవరి కవర్లలో ఎక్కువ డబ్బు పడితే వాళ్లకి కిరీటం. సగం గుడి ఖర్చులకి పోతుంది, మిగతా సగం అభ్యర్థి చెప్పిన పనికి. పోయినేడాది రాజయిన రొయ్యల వ్యాపారి బాస్కెట్‌బాల్ కోర్టుకి లైట్లు వేయించాడు.

తెరియో మాట దవడ లోంచి ముక్కలు ముక్కలుగా వస్తుంది. అలవాటైన వాళ్లకే అర్థమవుతుంది. "తల... నిలబడాలిగా. కిరీటం... జారిపోద్ది."

"కట్టేస్తాం."

"కోడికి... కత్తి కట్టినట్టా?"

"అంతే."

వాడు నవ్వాడు. నవ్వితే మెడ ఇంకా లాగేస్తుంది, అయినా నవ్వాడు. ఆరేళ్లుగా ఆ గదిలోంచి ఎవరూ వాణ్ణి ఎక్కడికీ పిలవలేదు.

గుమ్మంలో తల్లి పొలోనియా నిలబడి ఉంది. డెబ్బై మూడేళ్ల మనిషి, ఎండుచేపలా బిగిసి ఉంటుంది. "ఆరేళ్లు దాచాను వాణ్ణి. పిల్లలు కిటికీలో ఉప్పు విసిరి అస్వాంగ్ అస్వాంగ్, దెయ్యం దెయ్యం అని అరిస్తే పలకలు వేసి మేకులు కొట్టాను. నువ్వు ఊరి నడుమ ప్లాజాలో కూర్చోబెడతావా?"

"పునీత రోక్ ఏం చేస్తున్నాడమ్మా గుడిలో? బట్ట పైకెత్తి తొడ మీద పుండు చూపిస్తూ నిలబడ్డాడు. ఆయనకి కొవ్వొత్తులు పెడతాం. మనవాడు మెడ చూపిస్తే తలుపేసుకోవాలా?"

"ఆయన పునీతుడు."

"చచ్చాక అయ్యాడు. బతికుండగా ఆయన్నీ ఊళ్లోంచి తరిమేశారు, కుక్క రొట్టెముక్క తెచ్చి పెట్టింది. ఆ కుక్కకున్నపాటి బుద్ధి ఊరికి లేదు."

తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒలింపియా కపిటాన్ దమియన్ ముందు నిలబడింది. బరంగే పెద్ద ఆయనే, పండగ కమిటీ పెద్దా ఆయనే. మంచివాడే, ఇబ్బంది పెట్టే విషయం ఏదొచ్చినా చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆలోచిస్తాడు.

"రూల్సులో ఏముంది కపిటాన్? పెళ్లికానివాడై ఉండాలి, ఈ ఊరివాడై ఉండాలి. మెడ తిన్నగా ఉండాలని ఉందా?"

"లేదనుకో..."

"మరి రాయండి."

"ఐసు ఫ్యాక్టరీ వాళ్ల అమ్మాయి నిలబడుతోంది ఒలీ. ఆ పక్కన మీవాడు..."

"భయం ఆ అమ్మాయికా, మీకా?"

ఆయన ఇంకో గుండీ పెట్టుకుని పేరు రాశాడు.

*

కవర్లు అచ్చువేయించింది. మూడొందల యాభై. పైన పునీత రోక్ బొమ్మ, కింద అభ్యర్థి పేరు, ఆ కింద 'లుబాగ్ పరిశోధన కోసం'. పేరు అందరూ ఎలా వేయిస్తారో అలాగే వేయించింది. సొంత పేరు, నడిమిన తల్లి పుట్టింటి పేరు, చివర తండ్రి ఇంటి పేరు. ఎలెయుతెరియో బలిగ్తాస్ దుమరాన్. బడి రిజిస్టర్లో అలాగే, పెళ్లి కార్డులో అలాగే, సమాధి రాయి మీదా అలాగే. ఇంకోలా వేయించాలని ఆ ఊళ్లో ఎవరికీ తోచదు. ఒలింపియాకీ తోచలేదు.

కొడుకు జున్‌రెల్ ట్రైసికిల్ నడుపుతుంటే పక్కబండిలో కూర్చుని ఇల్లిల్లూ తిరిగి పంచింది. వాడికి ఇరవై మూడు. ఆమె ఇంటింటికీ దిగి వెళ్తోందన్న మాటే కానీ చెవి మాత్రం కొడుకు వెంటే. లుబాగ్ వచ్చేవాళ్లలో కొందరికి ముందు నడకలో తెలుస్తుంది. చెప్పులు నేలకి రాసుకుంటూ సుర్... సుర్... అంటాయి. తమ్ముడి చెప్పులు అలా మోగిన రోజు ఆమెకి ఇంకా గుర్తు.

మూడోనాడు పినతల్లి రుఫినా వచ్చింది. పొలోనియాకి సొంత చెల్లెలు. చేతిలో కవరు, చెక్కుచెదరకుండా ఖాళీగా.

"ఎవరి పేరే ఇది?" అంటూ బలిగ్తాస్ అన్న మాట మీద వేలు పెట్టి పొడిచింది. "నీ బాబు పేరా? నాది. మీ అమ్మది. మా పుట్టింటిది. మీ ఇంటి పేరు నీ ఇష్టం, ఊరంతా పంచుకో. మా పేరు కింద లుబాగ్ అని అచ్చేసి మూడొందల గుమ్మాల్లో పెడతావా?"

"పిన్నీ, పేరంటే అలాగే కదా వేస్తారు..."

"ఇప్పుడు బజారంతా లెక్కలేస్తున్నారు. ఎవరి నడిమి పేరు బలిగ్తాస్, ఎవరెవరి తల్లులు బలిగ్తాస్ అని. మా మనవరాలు బళ్లోంచి ఏడుస్తూ వచ్చింది. మీ ఇంటి జబ్బు మీ అమ్మమ్మ దగ్గర్నుంచి వస్తుందంట అన్నారంట దాంతో."

అప్పుడు వెలిగింది ఒలింపియాకి. జబ్బు తండ్రి పేరు వెంట రాదు. తల్లి వెంట వస్తుంది. తల్లి పేరేమో ఊరివాళ్లందరికీ నడిమిన ఉంటుంది. నాలుగేళ్లుగా డాక్టరు అడుగుతూ తిరిగిందీ, తల్లులు పళ్లబిగువున దాచిందీ ఆ ఒక్క మాటే. దాన్ని తను నల్ల అక్షరాల్లో అచ్చేయించి ఇంటింటికీ చేర్చింది.

క్షమించమనాలి. అనలేకపోయింది. ఆమె నోరు క్షమాపణకి తిరిగే నోరు కాదు. "బెనిగ్నో ఎలా ఉన్నాడు పిన్నీ?" అంది.

బెనిగ్నో రుఫినా కొడుకు. మూడేళ్లుగా పలావాన్‌లో చేపల పడవ మీద ఉన్నాడని చెబుతారు.

"పలావాన్‌లో ఉన్నాడు" అంది రుఫినా.

"కవరు ఇవ్వడానికొస్తే మీ మేడ మీద చెప్పుల చప్పుడు వినపడింది."

రుఫినా కవరు నేల మీద పడేసి తొక్కుకుంటూ వెళ్లింది. తరవాత ఒలింపియా చూస్తే కవరు నేల మీద లేదు. గాలికి పోయిందనుకుంది.

*

ఆ రోజు నుంచి తల్లి ఆమెతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే తెరియోతో చెప్పేది, ఒలింపియా ఎదురుగా నిలబడి ఉన్నా సరే.

"తెరియో, అన్నం పొయ్యి మీదుందని మీ అక్కకి చెప్పరా."

"అక్కా... అన్నం... పొయ్యి మీదుందంట."

"వినపడింది, ఇక్కడే ఉన్నా."

"అమ్మా... వినపడిందంట."

వాడొక్కడికే ఇదంతా వేడుకగా ఉంది.

ఒలింపియాకి కాలు ఒక్కచోట నిలవలేదు. పొద్దున ఆల్చిప్పలు ఒలిచేది, కత్తి జారి రెండుసార్లు అరచెయ్యి కోసుకుంది. మధ్యాహ్నం కవర్లు అడగడానికి వెళ్లేది. ఇంకా పెట్టలేదు మనాంగ్ అనేవాళ్లు, రేపు అనేవాళ్లు, తలుపు సందులోంచి చెయ్యి చాచి అంటించేసిన కవరు ఇచ్చి చప్పున వేసుకునేవాళ్లు. కవర్లు తేలిగ్గా ఉన్నాయి. వెలుతురుకి ఎత్తి చూసింది. ఒక్కోదాంట్లో ఏదో కాగితం ఉన్నట్టే ఉంది, నోటో కాదో. పండగ రూలు ప్రకారం ప్లాజాలో అందరి ముందే చించాలి. చించకుండా ఉండటానికి ఆమె చేతులు ఎన్నిసార్లు జేబులో పెట్టుకుందో.

ఒకరోజు మెట్ల మీద జున్‌రెల్ ఉత్తికాళ్లతో కూర్చుని ఉన్నాడు.

"చెప్పులేవిరా?"

"ఏడాదైంది నేను ఇంట్లో చెప్పులేసుకుని. చూడలేదా?"

"ఎందుకు?"

"నువ్వు వింటున్నావని." వాడు కోపంగా ఏమీ అనలేదు, చేతిలో స్పానర్ తిప్పుతూ అన్నాడు. "నేను నీళ్లు తాగడానికి లేస్తే నువ్వు చాప మీద ఊపిరి బిగబడతావు. నాకు తెలుస్తుందమ్మా. ఊరందరినీ రక్తం ఇవ్వమంటావు, వాళ్ల గుమ్మాల్లో నిలబడి తిడతావు. నువ్విచ్చావా?"

"నాకు టైమేదిరా, ఈ పనుల్లో..."

"నీకు లేదని తేలితే నాకూ లేనట్టే. నీకుంటే నాకు సగం సగం. నాకు సంబంధించిన లెక్క నీ చేతిలో పెట్టుకుని తిరుగుతున్నావు."

ఆమె ఎప్పటిలా కవర్లు తీసుకుని బయల్దేరింది. వీధి చివరి దాకా వెళ్లాక గుర్తొచ్చింది, ఆ వైపు ఇళ్లన్నీ ఉదయమే అయిపోయాయని.

*

ఆదివారం మధ్యాహ్నం. వాన అప్పుడే వెలిసింది. ప్లాజాలో ప్లాస్టిక్ కుర్చీలు తుడుస్తున్నారు. ఒకవైపు పంది కాలుతోంది, ఒకవైపు కొబ్బరి కల్లు బిందెల చుట్టూ మగాళ్లు. వేదిక మీద ముగ్గురు అభ్యర్థులు. ఐసు ఫ్యాక్టరీ అమ్మాయి క్రిస్టెల్ నీలం గౌనులో, ఓడల్లో పనిచేసి రిటైరైన ఆర్సెనియో తెల్ల ప్యాంటులో, ఏడో నంబరు జెర్సీలో తెరియో. రెండు వేళ్లు చెంపకి. ఒళ్లు కుర్చీలో మెలితిరుగుతూనే ఉంది. కింద ముందువరసలో పిల్లలు ఉప్పు తేలేదు. నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"మీకు కష్టంగా ఉందా మనోంగ్?" అంది క్రిస్టెల్ పక్కకి వంగి. మనోంగ్ అంటే అన్న.

"నీ గౌను కన్నా... నయం" అన్నాడు తెరియో. ఆ అమ్మాయికి రెండోసారికి అర్థమై పకపకా నవ్వింది.

కవర్లు చించి చదివేది బడి టీచర్ ఎఫిహెనియా. ఊరందరికీ అ ఆలు ఆమే దిద్దించింది, అందుకని ఆమె చేతి మీద ఎవరికీ అనుమానం లేదు. క్రిస్టెల్ కవర్లు అయ్యేసరికి చప్పట్లతో చేతులు మండిపోయాయి. ఆర్సెనియోవి అయ్యాయి. తెరియో పెట్టె తెరిచారు.

"ఫాదర్ గారు, రెండు వందల పెసోలు. తెన్యా కొట్టు, యాభై. పేరు రాయనివారు, ఇరవై." నాలుగోది చించింది. లోపల నోటు లేదు. మడత విప్పి చూసింది. చదవలేదు.

"టీచర్, మైకు పోయిందా?" అన్నాడు కపిటాన్.

"లేదు. పైకి చదవొద్దని రాశారు."

ఆమె కాగితాన్ని మడిచి వేదిక పక్కనున్న ఒలింపియా చేతిలో పెట్టింది. పెన్సిలు రాత. 'మా ఆయన నడిమి పేరు కూడా అదే. నలభై నాలుగేళ్లు. మెడ కుడివైపు. డబ్బు లేదు. దీన్ని పైకి చదవొద్దు.'

ఇంకో కవరు. ఇరవై పెసోలు, చీటీ. ఇంకోటి, ఉత్త చీటీ. టీచరు నోట్లున్నప్పుడు చదివింది, చీటీలున్నప్పుడు గొంతు సవరించుకుని పక్కకి ఇచ్చింది. నాలుగైదు అయ్యాక జనానికి అర్థమైంది. కల్లు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా వేదిక వైపే చూస్తున్నారు. టీచరు గొంతు సవరించుకున్నప్పుడల్లా జనంలో ఎక్కడో ఒక తల వంగుతోంది.

ఒక కవరు మీద మట్టి కాలి ముద్ర ఉంది. అందులో యాభై పెసోల నోటు, ఒక్క వాక్యం. 'బెనిగ్నో, ముప్పై తొమ్మిది, పలావాన్‌లో లేడు.'

అడుగున ఉన్న ఆఖరి కవరు బరువుగా ఉంది. టీచరు విప్పి, చాలాసేపు చూసి, అందరికన్నా నెమ్మదిగా మడిచి ఇచ్చింది. ఒలింపియాకి ఆ రాత తెలుసు. బజారు చీటీల మీద చూసిన రాతే.

'నా అన్న కాంద్రో. నా తమ్ముడు ఫెలిపె, నదిలో పడ్డాడని చెప్పాం, మింగలేక పోయాడు. మా అమ్మ తమ్ముళ్లు ఇద్దరు, పేర్లు సెవెరో, ఇస్కో. మా పెద్దక్క కొడుకు, పేరు పెట్టక ముందే బొంగో అనేవాళ్లం, పెద్దయ్యాకా అదే. నా కొడుకు తెరియో. ఇంతమందిని నేను కడిగి బట్టలేశాను. నా కూతురు ఒలింపియా, ఇంకా చూపించుకోలేదు. కూర్చుంటే ఏం తేలుతుందోనని తిరుగుతూ ఉంటుంది.'

ఒలింపియా తలెత్తి జనంలో వెతికింది. తల్లి ఆఖరి వరసలో, వాన లేకపోయినా గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ఇటు చూడటంలేదు. కొడుకు వైపు చూస్తోంది.

కపిటాన్ ఫలితం చదివాడు. క్రిస్టెల్ రాణి. ఆర్సెనియో రాజు. తెరియో ఎక్కడో కింద. ఆ డబ్బులో సగం మెర్లీ జీతానికి ఒక నెలకైనా చాలదు. "మూడో స్థానం, ఎలెయుతెరియో బలిగ్తాస్ దుమరాన్" అన్నాడు కపిటాన్, నడిమి పేరు దగ్గర కొంచెం తడబడి, మళ్లీ గట్టిగా. కాగితపు పట్టీ తెరియో భుజాన వేశారు. మెలికకి అది చిరిగింది.

"రాజు కాలేదు" అన్నాడు దిగుతూ అక్క భుజం మీద వాలి. "ఎవడి... కిరీటమూ జారలేదు. పంది... మెత్తగా ఉందా?"

*

సోమవారం పొద్దున్నే, కొడుకు బండిలో నగరానికి. ఒలింపియా బల్ల మీద చీటీలు బోర్లించింది. పంతొమ్మిది. డాక్టరు ఒక్కోటీ చదివింది. మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని మళ్లీ మొదట్నుంచి చదివింది.

"ఇవి ఇలా రిజిస్టర్లో ఎక్కించను మనాంగ్. మెర్లీని తీసుకుని నేనే ప్రతి ఇంటికీ వెళ్తాను. రాయొచ్చా అని అడుగుతాను."

"తలుపు తీస్తారు ఈసారి. తీయకపోతే నాకు చెప్పు."

"నువ్వు రావద్దు. నువ్వొస్తే తీసేవాళ్లు కూడా వేసుకుంటారు."

ఒలింపియా చీటీలని ఒక దొంతిగా సర్దింది. "డబ్బిస్తారా మరి ఆ ఫౌండేషన్ వాళ్లు?"

"ఈ రోజే రాస్తాను. ఆరు కాదు ఇరవై అయిదు దాకా ఉండొచ్చని, ఒకే తల్లి వంశంలో మూడు తరాలున్నాయని. ఏమంటారో తెలీదు. నెల ఇస్తారో, ఏడాది ఇస్తారో, అసలు ఇవ్వరో." డాక్టరు లేచి గోడ దగ్గరికి వెళ్లి, వంగి ప్లగ్గు పెట్టింది. ఫ్రీజరు ఒకసారి దగ్గి, గుర్రుమనడం మొదలెట్టింది. "చల్లబడటానికి ఎలాగూ టైము పడుతుంది."

వరండాలో చెప్పుల చప్పుడు. ఒలింపియా ఊపిరి బిగబట్టింది. టక్, టక్, టక్. జున్‌రెల్ గుమ్మంలో నిలబడ్డాడు. "బండి నీడలో పెట్టాను" అని బెంచీ మీద కూర్చున్నాడు. ఈసారి చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

జీప్నీ వెళ్లిపోతుందనడానికి లేదు. కొడుకు బండి నీడలో ఉంది.

ఒలింపియా కుర్చీలో కూర్చుంది. ఆల్చిప్పల గాట్లున్న చెయ్యి బల్ల మీద పెట్టి మణికట్టు పైకి తిప్పింది. మెర్లీ రబ్బరు పట్టీ బిగించింది. బల్ల కింద ఒలింపియా మడమ ఆగకుండా నేలని కొడుతోంది.

"కదలకు మనాంగ్."

"కదలటం లేదు. కానియ్" అంది. మోకాలి మీద రెండో చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకుంది.